ఎదిగే ఒంటికి స్వెట్టరు



మార్గశిరం వచ్చేసరికి మన పట్నాల్లో రోడ్ల పక్కన స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. టిబెటన్ కుటుంబాలు వచ్చి, చలికాలమంతా పందిళ్ళ కింద అమ్ముకుని వెళతాయి. ఆ సరుకులో ఎక్కువ భాగం లూధియానాలో మిషన్ల మీద అల్లినదే. రంగులు బాగుంటాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. ఇవన్నీ దొరుకుతుండగా ఇంట్లో కూర్చుని సూదులతో అల్లడం దేనికని అడుగుతారు. చలి ఆగడానికే అయితే నిజంగా అవసరం లేదు. కానీ మిషను నాలుగేళ్ల పిల్లలందరికీ కలిపి ఒక సైజు అల్లుతుంది. మీరు మీ మనవరాలికి అల్లుతారు. ఆ పిల్ల చేతులు పొడుగా, బొజ్జ ముందుకుంటుందా, తల దూర్చేటప్పుడు ఏడుస్తుందా, ఇవన్నీ మీకు తెలుసు. మీకు తెలిసిన ఆ సంగతులు కుట్ల లెక్కలోకి ఎలా వస్తాయో ఈ పూట చెప్పుకుందాం.

ముందు అసలు విషయం. పెద్దవాళ్ళ డిజైను తీసుకుని అన్ని కొలతలూ సగం చేస్తే పిల్లల స్వెట్టరు రాదు. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దయ్యేసరికి అది ఏడో వంతుకో ఎనిమిదో వంతుకో దిగుతుంది. చుట్టుకొలత చూసినా అంతే. పుట్టినప్పుడు తల సుమారు 34 సెంటీమీటర్లుంటే, ఛాతీ దానికన్నా కాస్త తక్కువే. ఏడాది నిండేసరికి రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అక్కణ్ణించి ఛాతీ పెరుగుతూ పోతుంది, తల నెమ్మదిస్తుంది. నాలుగేళ్లకు తల 50 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేస్తుంది. ఆ తర్వాత పెద్దయ్యేదాకా పెరిగేది ఐదారు సెంటీమీటర్లే. అంటే చిన్న ఒంటి మీద దాదాపు పెద్దవాళ్ళంత తల. స్వెట్టరు ఆ తలను దాటుకునే కిందికి దిగాలి.

ఒక లెక్క చెబుతాను, వీలైతే కాగితం మీద రాసుకోండి. ఛాతీ 54 సెంటీమీటర్లున్న నాలుగేళ్ల పిల్ల అనుకుందాం. లోపల చొక్కా ఉంటుంది, చేతులు హాయిగా ఆడాలి, అందుకని 6 సెంటీమీటర్లు వదులు కలపండి. మొత్తం 60. ఇప్పుడు అదే ఊలుతో, అవే సూదులతో జానెడు వెడల్పు, జానెడు పొడవు ఉండే నమూనా ముక్క ఒకటి అల్లండి. దాన్ని ఉతికి, ఆరబెట్టి, నడిమి భాగంలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. మధ్యరకం ఊలుకు 4 మిల్లీమీటర్ల సూదులు వాడితే మామూలుగా 22 పడతాయి. 10కి 22 అయితే 60కి 132. ఇక మిగతా లెక్కలన్నీ ఈ 132 మీదే నడుస్తాయి.

నమూనా ముక్క అల్లే ఓపిక చాలామందికి ఉండదు. నేరుగా కుట్లు ఎక్కించేస్తారు. మీ చెయ్యి కాస్త వదులై 22 బదులు 20 కుట్లే పడ్డాయనుకోండి, అదే 132 కుట్ల స్వెట్టరు 66 సెంటీమీటర్లవుతుంది. రెండు కుట్ల తేడా చివరికి ఆరు సెంటీమీటర్లయి కూర్చుంటుంది. పెద్దవాళ్ళ స్వెట్టరులో ఆ తేడా పెద్దగా కనిపించదు. నాలుగేళ్ల పిల్లకు భుజం మీంచి జారిపోతుంది.

సూదుల దగ్గర ఇంకో మాట. మన దుకాణాల్లో పాత పద్ధతి నంబర్లే నడుస్తాయి. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిదో నంబరంటే 4 మిల్లీమీటర్లు, పదో నంబరంటే మూడుంపావు. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది, వాళ్ళ ఎనిమిదో నంబరు 5 మిల్లీమీటర్లు. అమ్మాయి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో డిజైను పంపితే నంబరు చూడకండి, మిల్లీమీటర్లు చూడండి.

ఇప్పుడు 132 దగ్గరకు వద్దాం. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని ఒకావిడ ఉండేది. 1910లో ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో విస్కాన్సిన్‌లో స్థిరపడింది. ఒంటి చుట్టూ పడే కుట్లను నూరుగా పెట్టుకుని, మిగతా భాగాలన్నిటినీ శాతాల్లో చెప్పే లెక్కను ఆవిడే ప్రచారంలోకి తెచ్చింది. చేయి పైభాగానికి 35 శాతం, మణికట్టుకు 20 శాతం, మెడకు 40 శాతం. గుర్తుంచుకోవడం తేలిక, ఎవరి కొలతకైనా పనికొస్తుంది. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం. అయితే పసివాళ్ళ దగ్గర దీన్ని సవరించుకోవాలి. ఎందుకో చూడండి. స్వెట్టరు చుట్టుకొలత 100 సెంటీమీటర్లుండే మనిషికి ఈ లెక్కన మెడ 40 సెంటీమీటర్లు వస్తుంది. తల 56. మెడకు వేసే రిబ్బు అల్లిక ఆ మాత్రం సాగుతుంది. మన పిల్లకు 132లో 40 శాతమంటే 53 కుట్లు, అంటే 24 సెంటీమీటర్లు. తలేమో 50. రెట్టింపుకు పైగా సాగాలి, సాగదు. చెవులు నలుగుతాయి, పిల్ల ఏడుస్తుంది, స్వెట్టరు బీరువాలోకి పోతుంది. మణికట్టు కూడా అంతే. 20 శాతమంటే 26 కుట్లు, 12 సెంటీమీటర్లు. చిన్న పిల్లల మణికట్టు పెద్దవాళ్ళకు మల్లే సన్నగా ఉండదు, పిడికిలి ముడుచుకునే చేయి దూరుస్తారు. నాలుగో వంతు, అంటే 33 కుట్లు ఉంచితేనే హాయిగా ఉంటుంది.

మెడకు ఏం చెయ్యాలి? ఊరికే వెడల్పు చేస్తే చలిగాలి దూరుతుంది. కాబట్టి తెరుచుకునే మెడ కావాలి. మెడ నిలవని పసిబిడ్డకైతే ముందుకు తెరుచుకునే కోటు తీరే మంచిది. తల మీంచి లాగాల్సిన పనే ఉండదు. కూర్చునే వయసు వస్తే ఎడమ భుజం మీద రెండు మూడు గుండీలు పెట్టే పద్ధతి ఉంది. ముందు భాగం భుజాన్ని నాలుగైదు వరసలు ఎక్కువ అల్లి అందులో కాజాలు వదలాలి, వెనక భాగానికి గుండీలు కుట్టాలి. మూడో పద్ధతి, వెనక భాగం భుజాలు ముందు భాగం మీదికి వచ్చి ఒకదాని మీద ఒకటి పడే మెడ. కొన్న బనియన్లలో మీరు చూసే ఉంటారు. ఆ మెడ ఎంత కావాలంటే అంత విచ్చుకుంటుంది. పిల్లాడు కక్కుకున్నా, ఇంకేం చేసుకున్నా స్వెట్టరును తల మీంచి కాకుండా కాళ్ళ వైపు నుంచి లాగేయొచ్చు. ఏ మెడ వేసినా, చివర కుట్లు మూసేటప్పుడు ఒకటి రెండు సైజులు లావు సూది పట్టుకోండి. అల్లికంతా సాగి, ఆ ఒక్క చివరి వరస బిగుసుకుపోయినా మెడ పట్టదు.

పిల్ల ఎదురుగా ఉంటే టేపు పెట్టి కొలుస్తాం. దూరాన ఉంటే? ఫోనులో ఎత్తు, బరువు అడిగి అల్లడం మొదలుపెడతారు. దానివల్ల ప్రయోజనం తక్కువ. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టే మీరూ ఆది చొక్కా అడగండి. బిడ్డకు ఇప్పుడు సరిగ్గా సరిపోతున్న చొక్కానో స్వెట్టరునో మంచం మీద పరిచి నాలుగు కొలతలు తీయమనండి. చంక నుంచి చంకకు అడ్డం, భుజం నుంచి అంచుకు నిలువు, చంక నుంచి చేయి చివరకు పొడవు, ఆపైన బిడ్డ తల చుట్టూ. ఈ నాలుగూ ఉంటే ఏ దేశంలో ఉన్న మనవడికైనా స్వెట్టరు సరిపోతుంది. ఆ స్వెట్టరు పూర్తయి, విమానమెక్కి చేరేసరికి బిడ్డ పెరిగి ఉంటాడు కనుక చేతుల పొడవులో రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకోండి.

ఇక్కడే పిల్లల డిజైనులో రెండో పెద్ద సంగతి వస్తుంది. వాళ్ళు అన్ని వైపులా సమానంగా పెరగరు. స్వెట్టర్ల కొలతల పట్టికలు చూస్తే రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు ఛాతీ ఐదో వంతు దాకా పెరుగుతుంది, చేయి పొడవు మాత్రం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అంటే స్వెట్టరు ముందు పొట్టి అవుతుంది, ఆ తర్వాతే ఇరుకవుతుంది. ఒళ్ళు పట్టే స్వెట్టరు ముంజేతి దగ్గర ఆగిపోయిందని పక్కన పడేస్తాం. చేతులు పెంచుకునే దారి ముందే పెట్టుకుంటే అదే స్వెట్టరు ఇంకో రెండు చలికాలాలు వస్తుంది.

ఆ దారి చూపించింది ఇంగ్లండు, స్కాట్లండు తీరాల జాలరుల ఇళ్ళలోని ఆడవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళు వేసుకునే గాన్సీ అనే స్వెట్టరులో చేతిని మణికట్టు దగ్గర మొదలుపెట్టరు. ఒళ్ళు పూర్తయ్యాక భుజం అంచున కుట్లు ఎత్తుకుని కిందికి అల్లుకుంటూ వచ్చి మణికట్టు దగ్గర ముగిస్తారు. ఎందుకంటే అల్లిక ముగించిన వైపు నుంచే సులువుగా ఊడుతుంది, మొదలుపెట్టిన వైపు నుంచి ఊడిరాదు. సముద్రం మీద తాళ్ళు లాగీ లాగీ కఫ్ అరిగిపోతే ఆ కాస్తా ఊడదీసి కొత్త ఊలుతో మళ్ళీ అల్లేస్తారు. చంకలో వజ్రం ఆకారంలో చిన్న పట్టీ కూడా అల్లుతారు, చేయి పైకెత్తితే స్వెట్టరంతా పైకి లేవకుండా. ఈ రెండూ జాలరికి ఎంత అవసరమో చెట్లెక్కే పిల్లాడికీ అంతే అవసరం. చేతులు కిందికి అల్లండి. మోచేతి కింద భాగాన్ని ఏ డిజైనూ లేకుండా సాదాగా ఉంచండి. ఏడాది పోయాక కఫ్ ఊడదీసి, నాలుగైదు సెంటీమీటర్లు కలిపి, మళ్ళీ కఫ్ అల్లితే సరి. కింది అంచు కూడా పెరగాలంటే స్వెట్టరు మొత్తాన్నీ మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే పద్ధతి నేర్చుకోండి. మధ్యమధ్యలో పిల్లకు తొడిగి చూసుకోవచ్చు కూడా.

జిమ్మర్‌మన్ 1968లో పసిబిడ్డకు ఒక కోటు రూపొందించింది. మొదటిసారి అల్లేవాళ్ళకు చేతిలో ఉన్నదేమిటో చివరిదాకా అర్థం కాదు. అటూ ఇటూ రెండు వైపులా నిట్ మాత్రమే వేసుకుంటూ, కొన్నిచోట్ల కుట్లు తగ్గిస్తూ, కొన్నిచోట్ల పెంచుతూ పోతే ఆకారం లేని ఒకే ఒక ముక్క తయారవుతుంది. దాన్ని ఒక తీరుగా మడిచి, రెండు భుజాల మీద కుట్టు వేస్తే కోటు అయిపోతుంది. చేతులు విడిగా అతికే పని లేదు, పక్క కుట్లు లేవు. పసిబిడ్డ చర్మానికి ఒరుసుకునే కుట్టు ఎంత తక్కువైతే అంత మేలు కదా. అర్ధశతాబ్దం దాటినా ప్రపంచమంతా ఇంకా దాన్ని అల్లుతూనే ఉన్నారు.

ఊలు సంగతి. మన దుకాణాల్లో ఊలు అని అమ్మేదాంట్లో చాలా భాగం యాక్రిలిక్. చవక, ఉతకడం తేలిక, గుచ్చుకోదు. అసలు ఉన్ని గుచ్చుకునేదీ లేనిదీ పోగు లావును బట్టి ఉంటుంది. 30 మైక్రాన్లు దాటిన పోగులు అందులో కొద్దిగా ఉన్నా చర్మానికి గుచ్చుకుంటాయి. మెరినో గొర్రె ఉన్ని అంతకన్నా చాలా సన్నం, అందుకే పసిపిల్లలకు పనికొస్తుంది. మన తెలంగాణ కురుమల గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో నేసింది. అది ముతకది. వానకూ చలికీ గొర్రెల కాపరికి అంతకు మించిన రక్ష లేదు, కానీ ఆ ఉన్ని పసిబిడ్డ ఒంటికి తగదు. కొనేముందు ఊలు ఉండను చెంపకో మెడకో ఆనించి చూడండి. అరచేతికి తెలియని గరుకు అక్కడ తెలుస్తుంది. అంగోరా, మోహేర్ లాంటి నూగు ఊలు ఏడాదిలోపు బిడ్డలకు వద్దు, ఆ నూగు నోట్లోకి పోతుంది.

యాక్రిలిక్ గురించి ఒక్క హెచ్చరిక. అది మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్నికి అంత తేలిగ్గా నిప్పంటుకోదు. మనకు చలి బాగా ఉండే రోజుల్లోనే భోగి వస్తుంది. తెల్లవారకముందే పిల్లలకు స్వెట్టర్లు తొడిగి, పిడకల దండలు చేతికిచ్చి మంట దగ్గరకు తీసుకెళతాం. ఆ పూటకు యాక్రిలిక్ స్వెట్టరుతో పిల్లల్ని మంట దగ్గరకు పోనివ్వకండి. దండ పెద్దవాళ్ళే వేయండి.

ఎంత వెచ్చన కావాలన్నది ఊరిని బట్టి. లంబసింగిలో, పాడేరులో, ఆదిలాబాదులో నిండు చేతుల ఉన్ని స్వెట్టరు కావాలి. విజయవాడ, రాజమండ్రి పిల్లలకు చేతుల్లేని నూలు స్వెట్టరు చాలు. నూలు దారం ఊలులా సాగదు, కాబట్టి వదులు ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి.

ఇక టోపీలు, మేజోళ్ళు. పుట్టబోయే బిడ్డకు ముందుగా బట్టలు సిద్ధం చేయకూడదని మన ఇళ్ళలో పట్టింపు. అందుకని బిడ్డ ఇంటికొచ్చాకే సూదులు చేతికొస్తాయి. త్వరగా అయ్యేది టోపీ. తల కొలత కన్నా మూడు సెంటీమీటర్లు తగ్గించి అల్లితే జారకుండా నిలుస్తుంది. 34 సెంటీమీటర్ల తలకు 31, మన లెక్కన 68 కుట్లు. కొక్కెంతో అల్లగలిగినవాళ్ళు, ముఖ్యంగా నరసాపురం లేసు పని తెలిసిన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, నూలు దారంతో టోపీలు అద్భుతంగా చేస్తారు. స్వెట్టరు ఒంటికి మాత్రం కొక్కెం అల్లిక మందమైపోతుంది, సూదుల అల్లికే నయం.

పసిబిడ్డకు పగలూ రాత్రీ చెవుల్లో దూది, పైన మంకీ టోపీ. ఇది మన అమ్మమ్మల ఆన. బయటికి తీసుకెళ్ళేటప్పుడు టోపీ మంచిదే. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డాక్టరు పెట్టమంటే తప్పకుండా పెట్టాలి. కానీ ఇంట్లో పడుకున్న బిడ్డకు టోపీ వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో స్పష్టంగా చెప్పింది. బిడ్డ ఒంటి వేడిలో పెద్ద భాగమే తల నుంచి బయటికి పోతుంది. అది మూసేస్తే ఒళ్ళు అతిగా వేడెక్కుతుంది, టోపీ జారి ముక్కును మూసే ప్రమాదమూ ఉంది. టోపీ అల్లే మనమే ఈ మాట గట్టిగా చెప్పాలి.

గడ్డం కింద కట్టే తాళ్ళు కూడా మానేయండి. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు తల దగ్గర, మెడ దగ్గర తాళ్ళు ఉండకూడదు. గుండీని దారంతో గట్టిగా కుట్టి, లాగి చూడండి. మూడేళ్లలోపు పిల్ల చేతికి ఊడివచ్చిన గుండీ తిన్నగా నోట్లోకే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. చిన్న గ్లౌజులు, మేజోళ్ళు అల్లాక వాటిని లోపలి వైపుకు తిప్పి వెలుగులో చూడండి. వదులు పోగు ఒక్కటి ఉన్నా అది బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుసుకోవచ్చు. వేలు వాచి ఎర్రబడేదాకా, ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. రెండు రంగులతో అల్లేటప్పుడు వెనకాల వేలాడే దారాలు కూడా ఐదు కుట్లకు మించి పొడుగు ఉండకూడదు, వేళ్ళు చిక్కుకుంటాయి.

బొమ్మల విషయానికొస్తే, మన ముగ్గులూ పోచంపల్లి వజ్రాలూ గళ్ళ కాగితం మీద చక్కగా ఒదుగుతాయి. అయితే కుట్టు చదరం కాదు, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. మన నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అడ్డంగా, 30 వరసలు నిలువుగా పడతాయి. చదరపు గళ్ళలో 22 అడ్డం, 22 నిలువు ఏనుగును గీసి అల్లితే వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు ఏడుకు కాస్త పైన వస్తుంది. ఏనుగు చప్పిడిగా అయిపోతుంది. నిలువును 30 గళ్ళకు సాగదీసి గీయండి, సరిగ్గా నిలబడుతుంది. బొమ్మ ఒకటే పెట్టండి, పెద్దదిగా పెట్టండి. చిన్న ఛాతీ మీద నాలుగు బొమ్మలు పట్టవు.

ఈ చలికాలం మొదలుపెట్టే వాళ్ళకు నా మనవి. ఊలు కొనేటప్పుడు అన్ని ఉండలూ ఒకే లాట్ నంబరువి చూసి తీసుకోండి, నంబరు మారితే రంగు కలవదు. అవసరమైన దానికన్నా ఒక ఉండ ఎక్కువ కొనండి. స్వెట్టరు పూర్తయి బిడ్డకు ఇచ్చేటప్పుడు ఆ మిగిలిన ఊలు కూడా ఇవ్వండి. చిన్న కాగితం మీద సూది ఎన్ని మిల్లీమీటర్లో, మొత్తం కుట్లెన్నో, చేతికి ఎన్ని వరసలో రాసి పెట్టండి. వచ్చే ఏడాది చేయి పొట్టి అయితే, మీరు దగ్గర లేకపోయినా, సూదులు పట్టడం తెలిసిన ఎవరైనా ఆ కాగితం చూసి కఫ్ ఊడదీసి పొడిగించగలుగుతారు.